హైదరాబాద్‌లో సింఫొనీ ఆర్కెస్ట్రాలో వాయించాలంటే: వెనక కుర్చీ నుంచి ఒక మార్గదర్శి

ఆర్కెస్ట్రా అనగానే మన ఊళ్ళో చాలామందికి తట్టేది పెళ్ళి రిసెప్షన్‌లో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, పాటకో జత గాయకులు. ఆదివారం పొద్దున్నే నేను వయొలిన్ పెట్టె భుజాన తగిలించుకుని లిఫ్టు దిగితే మా వాచ్‌మన్ "ఇయ్యాల ఏ ఫంక్షన్ హాల్ మేడం?" అని అడుగుతాడు. ఎనిమిదేళ్ళయింది, ఇంకా అదే ప్రశ్న. నేను రాస్తున్నది ఆ ఆర్కెస్ట్రా గురించి కాదు. నలభై యాభై మంది వరసగా కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా స్టాండు మీద కాగితం పెట్టుకుని, కండక్టర్ చెయ్యి కదిపినట్టల్లా మొజార్ట్‌నో బీథోవెన్‌నో వాయించే ఆర్కెస్ట్రా గురించి. అందులో వయొలిన్లు రెండు గుంపులు. నాది రెండో గుంపులో, అంటే రెండో వయొలిన్లలో, చివరి నుంచి రెండో కుర్చీ. అక్కడి నుంచి కనబడినవే ఇవన్నీ.

1. చేరేముందు: డబ్బు, టైము, మనుషులు

మన దేశంలో వృత్తిగా వాయించేవాళ్ళతో నడిచే సింఫొనీ ఆర్కెస్ట్రా అంటే 2006లో ముంబైలోని ఎన్‌సీపీఏ అనే కళా కేంద్రంలో మొదలైన సింఫొనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా పేరే చెప్పాలి. హైదరాబాద్‌లో మనలాంటివాళ్ళు చేరగలిగేవి ఔత్సాహిక బృందాలు. ఇక్కడ వాయించినందుకు డబ్బు రాదు, మనమే ఇవ్వాలి. హాలు అద్దె, కోచ్‌కి ఫీజు, జిరాక్సులు, టీ, సమోసా అన్నీ సభ్యుల చందాల్లోంచే. ఇంట్లోవాళ్ళకి ఈ సంగతి మొదటే చెప్పేయండి. "అంత కష్టపడి ఎదురు డబ్బు కట్టడమేంటే?" అని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు.

టైము విషయానికొస్తే, వారానికి ఒక రిహార్సల్ రెండున్నర నుంచి మూడు గంటలు. కచేరీ దగ్గరపడితే రెండు రిహార్సళ్ళు. ఇంట్లో సాధన రోజుకి అరగంటైనా ఉండాలి. ఉప్పల్ నుంచి మాదాపూర్ వెళ్ళి రావడం లాంటి ప్రయాణం ఉంటే ఆదివారం సగం దానికే పోతుంది.

మనుషులు మాత్రం భలే రకరకాలు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, డాక్టర్లు, లండన్ ట్రినిటీ కాలేజీవాళ్ళ సంగీతం గ్రేడ్ పరీక్షలకి చదివే పిల్లలు, స్కూళ్ళలో మ్యూజిక్ టీచర్లు, సికింద్రాబాద్ చర్చి కోయిర్లలో చిన్నప్పట్నుంచీ పాడుతూ పెరిగినవాళ్ళు, పోలీసు బ్యాండులోనో మిలిటరీ బ్యాండులోనో ట్రంపెట్ ఊది రిటైరైనవాళ్ళు. ఎక్కడ వెతకాలి అంటే వెస్టర్న్ సంగీతం నేర్పే టీచర్లని అడగండి. డిసెంబరులో సికింద్రాబాద్ చర్చిల్లో కరోల్ సర్వీసులకి వెళ్ళండి. గోథే జెంత్రుమ్ (జర్మన్ సాంస్కృతిక కేంద్రం) లాంటి చోట్ల పాశ్చాత్య సంగీత కచేరీ జరిగితే అయిపోయాక వెంటనే పార్కింగ్‌కి పరిగెత్తకుండా కాసేపు ఆగండి. వయొలిన్ పెట్టెలు మోస్తూ ఎవరో ఒకరు కనబడతారు, వాళ్ళకి అన్నీ తెలుసు.

2. ఏ వాయిద్యం, ఎంత వచ్చి ఉండాలి

సున్నా నుంచి మొదలుపెట్టే పెద్దవాళ్ళకి వయొలిన్ మీద రెండో వయొలిన్ల వెనక వరసలో కూర్చునేంత రావడానికి కనీసం మూడేళ్ళు పడుతుందని నా లెక్క. గ్రేడ్ పరీక్షలు ఎనిమిది ఉంటాయి, ఐదో గ్రేడ్ దాకా నిజాయితీగా వచ్చి ఉంటే ధైర్యంగా అడగొచ్చు.

ఒక రహస్యం చెప్తాను. వయొలిన్ వాళ్ళు ఎప్పుడూ ఎక్కువే, వియోలా వాళ్ళు ఎప్పుడూ తక్కువే. వియోలా వయొలిన్‌కి అక్కలాంటిది. కాస్త పెద్దది, ఒక పంచమం కిందికి శ్రుతి, సి-జి-డి-ఏ తీగలు. నొటేషన్ ఆల్టో క్లెఫ్‌లో ఉంటుంది. క్లెఫ్ అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు; ఇందులో స్వరాలు రాసే ఐదు గీతల్లో మధ్య గీత సి. ఈ క్లెఫ్‌కి భయపడే సగం మంది దాని జోలికి పోరు. వయొలిన్ ఓ మోస్తరుగా వచ్చినవాళ్ళు మూణ్ణెల్లు ఆ క్లెఫ్ మీద కూర్చుంటే ఆర్కెస్ట్రానే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. ఓబో, బసూన్ లాంటి ఊదే వాయిద్యాలు, డబుల్ బేస్ అనే నిలువెత్తు తీగల వాయిద్యం వాయించేవాళ్ళకైతే ఎర్ర తివాచీయే. మా దగ్గర చాలాకాలం బసూన్ పార్టు కీబోర్డు మీదే నడిచింది.

3. కర్ణాటక వయొలిన్ నుంచి వచ్చేవాళ్ళకి

నాలాంటివాళ్ళు ఇక్కడ చాలామంది, అందుకే ఇది కొంచెం వివరంగా రాస్తాను.

ముందు బెరుకు వదలండి. ఈ రెండు సంగీతాల మధ్య రాకపోకలు మనతో మొదలవలేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకుని తెచ్చిన వాయిద్యమే మన ఫిడేలు. ముత్తుస్వామి దీక్షితులు దొరల బ్యాండు వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టిన నోటు స్వరాలు మీలో చాలామంది చిన్నప్పుడు వాయించే ఉంటారు. వాటిలో ఒకటి బ్రిటిష్ జాతీయ గీతం వరసే. శంకరాభరణంలో, గమకాలు లేకుండా, తిన్నగా. ఆ తిన్నగా వాయించడమే ఇక్కడ మీకు కావలసిన మొదటి విద్య.

శ్రుతితో మొదలుపెడదాం. మనం స-ప-స-ప అని బిగిస్తాం, అదీ గాయకుల శ్రుతిని బట్టి. అక్కడ జి-డి-ఏ-ఈ, మారదు. డిని షడ్జమం అనుకుంటే కింది తీగ మంద్ర మధ్యమం, పై తీగ పంచమం, ఆపై తీగ తార చతుశ్రుతి రిషభం. అంటే ప్రతి తీగా పక్కదానికి పంచమం. మీ వేళ్ళకి తెలిసిన చోట్లు సగం తప్పుతాయి. ఒకే వయొలిన్‌ని పొద్దున ఇలా, సాయంత్రం అలా మార్చి బిగించకండి. తీగలు తెగుతాయి, శ్రుతి నిలవదు, గుర్రం (తీగల్ని మోసే చెక్క) పక్కకి వాలుతుంది. నేను రెండు నెలలు అలా చేసి, చివరికి పాతది మా గురువుగారి పాఠాలకి ఉంచుకుని ఇంకోటి కొన్నాను.

పట్టుకోవడం రెండో తంటా. నేల మీద కూర్చుని, తల భాగాన్ని కుడి చీలమండ మీద ఆనించి వాయించడం మనకి అలవాటు. అక్కడ కుర్చీలో అంచుకి కూర్చుని, భుజానికీ గడ్డానికీ మధ్య పట్టుకోవాలి. షోల్డర్ రెస్ట్ మెడ పొడుగుని బట్టి మారుతుంది, స్నేహితురాలు చెప్పిందని అదే కొనకుండా కొట్టులో పెట్టి చూసుకుని తీసుకోండి. మొదటి నెల మెడ నొప్పి మామూలే. మూడో నెలకీ తగ్గకపోతే టీచర్‌కి చూపించండి, పట్టులో ఏదో తప్పు ఉంది.

ఇక గమకం. మన చెయ్యి ఏ స్వరం మీదా ఊరికే ఉండదు. గాంధారం దగ్గరికి వెళ్తే అది దానంతటదే ఊగుతుంది. మొదటి రిహార్సల్‌లో నేను మొజార్ట్ వాయిస్తుంటే కోచ్ ఆపి, మొత్తం రెండో వయొలిన్లని ఒక్కొక్కరిగా వాయించమన్నాడు. నా వంతు వచ్చేసరికి ఆయనకి అర్థమైంది. "మీ ఎఫ్ షార్ప్ చాలా బాగుంది, కానీ మిగతా ఎనిమిది మందిది వేరే ఎఫ్ షార్ప్" అన్నాడు. దీనికి మందు డ్రోన్, అంటే ఆగకుండా మోగే శ్రుతి. ఫోన్లో తంబురా యాప్ ఎలాగూ ఉంటుంది. షడ్జమం పెట్టుకుని ఒక్కో స్వరాన్ని నాలుగేసి లెక్కలు కదలకుండా నిలపండి. సరళీ స్వరాలు మళ్ళీ మొదలుపెట్టినట్టు ఉంటుంది, కొంచెం అవమానంగానూ ఉంటుంది.

అన్నిటికంటే కష్టం చెప్తాను. మనం ఒక్కరమే వినబడడానికి తయారైన వాళ్ళం. పక్క వాయిద్యమైనా సరే, గాయకుడి వెనకే నీడలా వెళ్తూ తన వంతు వచ్చినప్పుడు మెరవాలి. ఇక్కడ పది మంది రెండో వయొలిన్లలో మీ చప్పుడు విడిగా వినబడిందంటే ఏదో తప్పు జరిగినట్టు. బో (కమాను) కూడా అందరిదీ ఒకే దిక్కుకి పోవాలి. ఎక్కడ కిందికి లాగాలో ఎక్కడ పైకి తొయ్యాలో మొదటి కుర్చీ వాళ్ళు గుర్తులు పెట్టి ఇస్తారు. ఒక్క బో ఎదురు తిరిగినా చివరి వరస ప్రేక్షకుడికి కూడా కనబడుతుంది.

4. స్టాఫ్ నొటేషన్

ఐదు గీతల మీద స్వరాలు రాసే ఈ పద్ధతి నేర్చుకోక తప్పదు. చెవితో పట్టేసి వాయిస్తానంటే రెండో వయొలిన్లలో కుదరదు. వాళ్ళ చేతిలో పాట ఉండదు, మధ్యలో ఇటుకలు పేర్చినట్టు స్వరాలుంటాయి.

వయొలిన్ కాగితంలో ఐదు గీతల్లో కింద నుంచి పైకి ఈ-జి-బి-డి-ఎఫ్, వాటి మధ్య ఖాళీల్లో ఎఫ్-ఏ-సి-ఈ. మొదట్లో ఉండే షార్ప్ (స్వరాన్ని పెంచేది), ఫ్లాట్ (తగ్గించేది) గుర్తుల్ని మేళకర్తలా చూస్తే తొందరగా ఎక్కుతుంది. మేజర్ స్కేల్ మన శంకరాభరణం, నేచురల్ మైనర్ నఠభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి. కానీ ఇక్కడ ఒక గుంట ఉంది. ఒకే సింఫొనీలో షడ్జమం చోటు మారుతూ ఉంటుంది, గ్రహభేదం నిమిషానికోసారి జరిగినట్టు. అందుకని ప్రతి స్వరం కింద స-రి-గ రాసుకోకండి. నేను రాసుకున్నాను. రెండు పేజీల తర్వాత నేను చదువుతున్నది కింద తెలుగు అక్షరాలే, పైన గీతలు అలంకారం. ఒక రోజు రబ్బరు పెట్టి మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. రోజుకి పది నిమిషాలు, ఎప్పుడూ చూడని కొత్త కాగితం, నిదానంగా, ఆపకుండా. తప్పు పోయినా వెనక్కి వెళ్ళొద్దు. ఆర్కెస్ట్రా మీ కోసం వెనక్కి రాదు.

5. ఆడిషన్

పెద్ద హడావుడి ఏమీ ఉండదు. రెండు స్కేళ్ళు, మీకు వచ్చిన ఒక ముక్క, అప్పటికప్పుడు చదివి వాయించడానికి ఎనిమిదో పదహారో బార్లు (బారు అంటే మన ఆవర్తనం లాంటిది). కష్టమైన ముక్క తప్పుల్తో వాయించేకంటే తేలికైనది శ్రుతిలో, లయలో వాయించండి. చదివి వాయించమన్నప్పుడు స్వరం పోయినా పర్లేదు, తాళం పోకూడదు.

6. పార్టు తయారు చేసుకోవడం

మీ చేతికి వచ్చేది అందరి స్వరాలూ ఉండే మొత్తం స్కోరు కాదు, మీ వాయిద్యం పార్టు మాత్రమే. బీథోవెన్, మొజార్ట్, ద్వోర్జాక్ వంటి వాళ్ళు కాపీరైట్ దాటిపోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకే ఆ హక్కు. పాత ముద్రణలు ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. జిరాక్స్ కొట్టులో ఏ-4 మీద తీయించకండి, వెనక కుర్చీలో ఇద్దరికి ఒక స్టాండు, అక్షరాలు కనబడవు. కొంచెం పెద్ద కాగితం మీద తీయించి, మూడేసి పేజీలు పక్కపక్కన టేపుతో అతికించండి, తిప్పడం తగ్గుతుంది.

తర్వాత వాయిద్యం ముట్టకుండా ఒకసారి రికార్డింగ్ వింటూ వేలితో పార్టు వెంట వెళ్ళండి. ఎక్కడ పోతున్నారో అక్కడ పెన్సిల్‌తో ఒక కిటుకు రాసుకోండి: "ఓబో అయ్యాక", "డ్రమ్ము రెండుసార్లు", అలా.

7. రిహార్సల్

పదింటికి అంటే పదింటికి మొదటి స్వరం. మన ఊరి పది కాదు. తొమ్మిదీ నలభైకి కుర్చీలో ఉండాలి. ముందు ఓబో "ఏ" అనే స్వరం ఇస్తుంది, 440 హెర్ట్జ్, అందరూ దానికి కలుపుకోవాలి. ఓబో లేనప్పుడు మొదటి వయొలిన్ నాయకురాలు ట్యూనర్ చూసి ఇస్తుంది. ఆ అరనిమిషం మాట్లాడకూడదు. కండక్టర్ ఆపినప్పుడు మీరూ ఆపండి. ఆయన చెల్లో (మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద తీగల వాయిద్యం) వాళ్ళతో మాట్లాడుతుంటే మీ కష్టమైన చోటు మెల్లగా సాధన చేసుకోవడం పెద్ద తప్పు, అందరూ చేసేదే అయినా. పెన్సిల్ లేకుండా రావడం అంతకంటే పెద్దది. పెన్ను అసలు వద్దు.

ఒక స్టాండుకి ఇద్దరు. ప్రేక్షకుల వైపు ఉన్నవాళ్ళు వాయిస్తూనే ఉంటారు, లోపలి వైపు ఉన్నవాళ్ళు ఆపి పేజీ తిప్పాలి. నేను లోపలి వైపు. నా పక్కన రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన, లాలాగూడలో పెరిగినవారు. నేను సార్ అంటాను, ఆయన నన్ను అమ్మా అంటారు. పేజీ చివరి వరసకి రాగానే గొంతులోంచి చిన్నగా "అమ్మా" అని వస్తుంది. కచేరీలో కూడా. ఎనిమిదేళ్ళలో ఆ "అమ్మా" ఒక్కసారి కూడా తాళం తప్పలేదు.

వాయించడం కంటే వాయించకుండా ఉండడం కష్టమని ఇక్కడే తెలుస్తుంది. పార్టులో ఒక మందపాటి గీత గీసి పైన 23 అని వేస్తారు. అంటే 23 బార్లు మౌనం. లెక్కపెట్టే పద్ధతి ఇది: ఒకటి-రెండు-మూడు-నాలుగు, *రెండు*-రెండు-మూడు-నాలుగు, *మూడు*-రెండు-మూడు-నాలుగు, అలా ప్రతి బారు మొదటి అంకె బారు సంఖ్య. వయొలిన్ ఒళ్ళో ఉంటుంది కాబట్టి నేను జపం చేసినట్టు ఎడమ చేతి కణుపుల మీద బొటనవేలు కదుపుతాను. నాలుగు వేళ్ళకి 12 కణుపులు, రెండుసార్లు తిరిగితే 24, అందులో ఒకటి తక్కువ. తొడ మీద తాళం వెయ్యకండి, పక్కవాళ్ళ లెక్క పోతుంది. తాళం వాద్యాలవాళ్ళ పరిస్థితి చూస్తే మనది నయం. ద్వోర్జాక్ తొమ్మిదో సింఫొనీలో, 1893 నాటిది, తాళాలు (సింబల్స్) మోగేది మొత్తానికి ఒక్క దెబ్బ, అదీ ఆఖరి భాగంలో. మిగతా ముప్పావుగంట ఎదురుచూపే.

లెక్క మీద నా అవమానం ఒకటి చెప్పాలి. బీథోవెన్ ఐదో సింఫొనీ. 1808లో వియన్నాలో మొదటిసారి వాయించిన ఆ సింఫొనీ మొదలు అందరికీ తెలుసు, ప-ప-ప-గా, మ-మ-మ-రీ. తెలియనిదేంటంటే అది మౌనంతో మొదలవుతుంది. కండక్టర్ చెయ్యి కిందికి పడినప్పుడు ఎవరూ వాయించరు. అక్కడ అర అక్షరం ఖాళీ, ఆ తర్వాతే మొదటి ప. మన భాషలో అనాగత గ్రహం, అంటే తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడం. నాకు అది కొత్త కాదు, అనాగతంలో ఎన్ని కీర్తనలు ఎత్తుకోలేదు! కానీ మనకి ఆ ఎత్తుగడకి ముందు తాళం నడుస్తూ ఉంటుంది. ఇక్కడ ముందు ఏమీ లేదు. నిండు హాలు, చెయ్యి పైకి లేచింది, కింద పడింది, అందరికంటే ముందు నా ప. ఒంటరిగా, నిక్కచ్చిగా, మంచి శ్రుతిలో.

విరామంలో ఎవరూ ఏమీ అనలేదు. సార్ మాత్రం పెన్సిల్ తీసి, పార్టులో మొదటి బారు పైన ఒక జత కళ్ళద్దాలు గీశారు. "ఇది ఆర్కెస్ట్రావాళ్ళ గుర్తమ్మా. ఇక్కడ కాగితం చూడొద్దు, ఆయన్ని చూడు." తర్వాత తెలిసింది, ప్రపంచమంతా ఇదే బొమ్మ గీస్తారట.

అన్నట్టు, రిహార్సల్ టైము దాటిపోతే హైడన్‌ని తల్చుకోండి. 1772లో ఆయన ప్రభువు బృందాన్ని ఇళ్ళకి పంపకుండా వేసవి కోటలోనే అట్టిపెట్టుకుంటే, ఒక సింఫొనీ చివర్లో ఒక్కొక్కరే దీపం ఆర్పి లేచి వెళ్ళిపోయేలా రాశాడు. ఆఖరికి రెండు వయొలిన్లే మిగులుతాయి. మా వాళ్ళు దీపాలు ఆర్పరు, పెట్టెల జిప్పులు లాగుతారు.

8. మన వాతావరణంలో వాయిద్యం

చెక్కకి 40 నుంచి 60 శాతం తేమ ఇష్టం. మనకి ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిబారి బిరడలు జారిపోతాయి, జూన్ దాటాక ఉబ్బి తిరగవు. వేసవిలో పెట్టెలో తేమ గొట్టమో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క చిల్లుల డబ్బాలోనో పెట్టండి, వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు. బిరడ జారితే బలంగా లోపలికి నొక్కి తిప్పకండి, వయొలిన్ తల పగులుతుంది. అరిగిన చోట కొంచెం సుద్ద రాస్తే చాలు.

మే నెలలో పార్క్ చేసిన కారులో పది నిమిషాలకని కూడా వదలొద్దు. వయొలిన్ చెక్కల్ని అతికించే జిగురు వేడికి మెత్తబడేది, కావాలనే అలా వాడతారు, రిపేరుకి విప్పడానికి. బో వెంట్రుకలకి రాసే రోజిన్ కరిగి పెట్టె నిండా అంటుకుంటుంది. వాయించడం అవగానే బో సడలించండి, తీగల కింద పడిన తెల్లపొడి మెత్తటి గుడ్డతో తుడవండి. లోపల చిన్న కర్ర పడిన చప్పుడైతే, అది సౌండ్‌పోస్ట్, వెంటనే తీగలన్నీ సడలించి తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. గిటార్లు అమ్మే ఒక కొట్టులో నా వయొలిన్‌కి దాన్ని ఫెవికాల్ పెట్టి అతికించారు. అది జిగురుతో ఉండేది కాదు, ఒత్తిడితో నిలబడేది. బో వెంట్రుకలు మార్పించాలంటే మేం ఎవరైనా చెన్నైకో కోల్‌కతాకో వెళ్ళినప్పుడు అందరివీ కట్టగట్టి పంపుతాం.

9. ఇల్లు, ఆఫీసు, పెళ్ళిళ్ళు

అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిది తర్వాత చప్పుడు తగ్గించే రబ్బరు మ్యూట్ పెట్టుకోండి. కచేరీ తేదీ పెట్టేముందు పంచాంగం చూడమని కమిటీకి చెప్పండి. ఒక మాఘమాసంలో మా చెల్లో వాళ్ళలో ముగ్గురికి ఒకే రోజు ముహూర్తాలు పడ్డాయి, అందులో ఒకటి చెల్లో వాయించే పిల్లదే. సంక్రాంతి వారం రిహార్సల్ పెట్టడం వృథా. వారంలో ఒక సాయంత్రం అమెరికా కాల్ ఉండదని మేనేజర్‌తో ముందే ఒప్పుకోండి, ఉంటుందని మీరూ ముందే ఒప్పుకోండి.

10. కచేరీ రోజు

నల్ల బట్టలు. "కచేరీకి నల్లచీర కట్టుకుంటారటే?" అని మా అమ్మ మొదటిసారి గొడవ. జరీ అంచు ఉన్నదైనా కట్టుకోమంది. స్టేజి లైట్లకి జరీ మెరుస్తుంది, వద్దు. కుడి చెయ్యి బాగా కదలాలి కాబట్టి పైటకి రెండు పిన్నులు ఎక్కువ. నల్ల చెప్పులైతే చప్పుడు చెయ్యనివి.

బట్టల క్లిప్పులు నాలుగు తీసుకెళ్ళండి. రవీంద్రభారతి అంత స్టేజి మీద ఏసీ గాలి ఎటు నుంచి కొడుతుందో తెలియదు, పార్టు ఎగిరిపోతే దాన్ని పట్టుకునే చెయ్యి ఖాళీ ఉండదు. అదనంగా ఒక "ఈ" స్వరం తీగ జేబులో. మధ్యాహ్నం అన్నం తక్కువ తినండి, పెరుగన్నం తిని రెండో భాగంలో నిద్ర ఆపుకోలేనివాళ్ళు నాకు తెలుసు.

సింఫొనీలో ఒక భాగం అవగానే మన ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. కొందరు వాయిద్యకారులు మొహం చిట్లిస్తారు, మీరు చిట్లించకండి. 1778లో పారిస్ నుంచి మొజార్ట్ తండ్రికి రాసిన ఉత్తరంలో, తన సింఫొనీ నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని మురిసిపోయాడు. మన సభల్లో స్వరకల్పన మధ్యలో కొట్టమా?

అయిపోయాక పూలగుత్తులు ముందు వరసకి వస్తాయి, కుర్చీలు మడతపెట్టడం వెనక వరసకి. స్టాండ్లు లెక్కపెట్టి డీసీఎంలోకి ఎక్కించండి, ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. పార్టులు వెనక్కి ఇచ్చేముందు పెన్సిల్ గుర్తులన్నీ మెత్తటి రబ్బరుతో చెరపాలి, తర్వాత వచ్చేవాళ్ళ బో గుర్తులు వేరే కావచ్చు. గట్టిగా రుద్దితే పాత జిరాక్స్ మీద స్వరాలు కూడా పోతాయి. నేను ఐదో సింఫొనీ పార్టు మొత్తం చెరిపాను, కళ్ళద్దాలు మాత్రం సార్ గట్టిగా నొక్కి గీశారేమో, రెండుసార్లు రుద్దినా అచ్చు ఉండిపోయింది. ఈ ఏడు ఆ కాగితం కొత్తగా చేరిన ఇంజనీరింగ్ అమ్మాయికి వెళ్ళింది. "అక్కా, ఇక్కడ ఏదో సైకిల్ బొమ్మ ఉంది, అదేంటి?" అని అడిగింది.